మందు పేరు ముందు ఆ ‘ఎస్’ ఎందుకు? సగం ఎంజీకి అదే బలం ఎలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా వారికి ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. రోజూ ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వేసుకుంటారు. ఈమధ్య పాదాల దగ్గర వాపు వస్తోందని హైదరాబాద్‌లో వేరే డాక్టర్‌కు చూపించాం. ఆయన ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 ఎంజీ రాశారు. మా ఊరి మెడికల్ షాపు అబ్బాయి ‘అదే మందండీ, కాకపోతే సగం పవర్’ అన్నాడు. సగం పవరైతే ఎట్లా సరిపోతుందని మా వారు రెండేసి వేసుకుంటానంటున్నారు. పాత స్ట్రిప్పులు కూడా ఇంట్లో మిగిలి ఉన్నాయి. మా అమ్మాయి బీఫార్మసీ రెండో సంవత్సరం. ‘అది ఐసోమర్ అమ్మా, అద్దంలో బొమ్మ లాంటిది’ అని మొదలుపెట్టి, ఆర్ అని, ఎస్ అని, లెవో అని చెప్పుకుంటూ పోయి, చివరికి తనకే తికమకై పుస్తకం మూసేసింది. థాలిడోమైడ్ అనే మందులో ఒక ఐసోమర్ మంచిదని, ఇంకోటి విషమని, మంచిదొక్కటే ఇచ్చి ఉంటే ఆ పిల్లలకు ఏమీ అయ్యేది కాదని వాళ్ల క్లాసులో చెప్పారట. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్. ఇన్నేళ్లూ మా వారు మింగిన దాంట్లో సగం విషమేనా?

సమాధానం:

అమ్మా, కెమిస్ట్రీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు మాత్ర సంగతి. మీవారిని రెండు వేసుకోనివ్వకండి. ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 ఎంజీ మాత్ర ఒక్కటి, ఆయన ఇన్నాళ్లూ వేసుకున్న ఆమ్లోడిపిన్ 5 ఎంజీ మాత్రకు సమానం. రెండు వేసుకుంటే పాత లెక్కలో 10 ఎంజీ వేసుకున్నట్టు. బీపీ అవసరానికి మించి పడిపోవచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. ఏ వాపు తగ్గాలని డాక్టర్ దగ్గరికి వెళ్లారో ఆ వాపే ఇంకా పెరగొచ్చు, ఎందుకంటే ఈ మందు వల్ల వచ్చే వాపు డోసును బట్టి పెరుగుతుంది.

పాత స్ట్రిప్పులను, కొత్త స్ట్రిప్పులను ఒకే డబ్బాలో ఉంచకండి. పొద్దున ఇది, రాత్రి అది అని పొరపాటున రెండూ పడితే అదీ డబుల్ డోసే. ఇప్పటికే ఒకటి రెండు రోజులు రెండేసి వేసుకుని ఉంటే కంగారు పడొద్దు, కానీ దాచొద్దు. బీపీ చూపించి డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. భయపడి మందు పూర్తిగా మానేయడం మాత్రం చేయకండి. స్పృహ తప్పేలా ఉన్నా, బాగా నీరసించిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొక్క జాగ్రత్త. ఎస్-ఆమ్లోడిపిన్‌లోనూ 5 ఎంజీ మాత్రలు దొరుకుతాయి. అలవాటు కొద్దీ మీవారు షాపుకు వెళ్లి ‘నా బీపీ మాత్ర, ఫైవ్ ఎంజీ’ అని అడిగితే, షాపు అబ్బాయి కొత్త చీటీ గుర్తు పెట్టుకుని ఎస్-ఆమ్లోడిపిన్ 5 ఇచ్చేయొచ్చు. అది పాత లెక్కలో 10. కాబట్టి పేరు, ఎంజీ కలిపే అడగాలి, స్ట్రిప్పు మీద కలిపే చదవాలి. విడిగా చూస్తే ఆ అంకెకు అర్థం లేదు.

విషం సంగతికొస్తే, కాదు. మీవారు ఇన్నేళ్లూ వేసుకున్నదాంట్లో సగం బీపీ తగ్గించే మందు, మిగతా సగం ఆ పని దాదాపుగా చేయని దాని జంట. ప్రపంచమంతటా కోట్లమంది వాడే మందు అది. గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోండి.

ఇక అసలు సంగతి. కార్బన్ పరమాణువుకు నాలుగు బంధాలు ఉంటాయి. కాగితం మీద మనం ప్లస్ గుర్తులాగా గీస్తాం కానీ, నిజంగా అవి బల్లపరుపుగా ఉండవు. మధ్యలో కార్బన్ ఉండి, నాలుగు వైపులకు, పైకీ కిందికీ కూడా, సమాన దూరంలో విచ్చుకుని ఉంటాయి. 1874లో నెదర్లాండ్స్‌కు చెందిన వాంట్ హాఫ్, ఫ్రాన్స్‌కు చెందిన లె బెల్ ఎవరికి వారుగా ఈ మాట చెప్పారు. ఆ నాలుగు బంధాలకు నాలుగు వేర్వేరు గుంపులు తగులుకుని ఉంటే వాటిని అమర్చడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఎటు తిప్పినా ఒకదాని మీద ఇంకోటి సరిగ్గా కూర్చోదు. ఇంటి గుమ్మం ముందు విడిచిన చెప్పుల జత ఇలాంటిదే. రెండూ ఒకే తోలు, ఒకే సైజు, ఒకే బరువు, అయినా కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. ఇలాంటి అణువుల జతను ఎనాన్షియోమర్లు అంటారు, జతలో ఒకదానికి ఆర్ అని, రెండోదానికి ఎస్ అని పేరు. అలాంటి కార్బన్‌ను కైరల్ కార్బన్ అంటారు.

చెప్పుకు కుడి ఎడమ ఉన్నంత మాత్రాన సరిపోదు, వేసుకునే కాలికి కూడా ఉండాలి కదా. మన శరీరానికి ఉంది. మన ప్రొటీన్లు అమైనో ఆమ్లాలతో కట్టినవి, ఆ అమైనో ఆమ్లాలన్నీ ఒకే వైపు రూపంలో ఉంటాయి, దాన్ని ఎల్ రూపం అంటారు. గ్లైసిన్ అనే చిన్నదానికి మాత్రమే కుడి ఎడమ లేవు. ఇలా ఒకే వైపు ఇటుకలతో కట్టిన ఎంజైముకు, రిసెప్టరుకు, కణం గోడలోని ద్వారానికి కూడా కుడి ఎడమ తేడా తెలుస్తుంది. రక్తనాళాల కండరంలోకి కాల్షియం వెళ్తేనే ఆ కండరం బిగుస్తుంది. ఆమ్లోడిపిన్ ఆ కాల్షియం ద్వారాన్ని అడ్డుకుంటుంది. నాళం వదులవుతుంది, బీపీ తగ్గుతుంది. ఈ అడ్డుకునే పని ఎస్ రూపమే చేస్తుంది. ఆర్ రూపం బలం అందులో వెయ్యో వంతు. 5 ఎంజీ మామూలు మాత్రలో 2.5 ఎస్, 2.5 ఆర్ ఉంటాయి. కొత్త మాత్రలో ఆ ఆర్ సగాన్ని తీసేశారు, ఎస్ 2.5 అలాగే ఉంది. ‘అదే మందు’ అన్నంతవరకు షాపు అబ్బాయి మాట నిజమే. ‘సగం పవర్’ అన్నదే తప్పు.

ఈ తేడా మన ముక్కుకు కూడా తెలుసు. కార్వోన్ అనే పదార్థం ఆర్ రూపంలో స్పియర్‌మింట్ పుదీనా వాసన వేస్తుంది. అదే ఎస్ రూపంలో కారవే గింజల వాసన వేస్తుంది. పరమాణువులు అవే, బంధాలు అవే. ముక్కులోని రిసెప్టర్లు మాత్రం రెండింటినీ వేర్వేరు సరుకులుగా పట్టుకుంటాయి.

మరి తయారు చేసేటప్పుడే ఎస్ ఒక్కటే చేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మామూలు రసాయనాలకు కుడి ఎడమ తేడా తెలియదు. అందుకని ఫ్లాస్కులో కైరల్ కార్బన్ కొత్తగా ఏర్పడినప్పుడు రెండు రూపాలూ సమానంగా పుడతాయి. ఈ సగం సగం మిశ్రమాన్ని రెసిమిక్ మిశ్రమం అంటారు. దాన్ని విడదీయడం అంత తేలిక కాదు. రెండు రూపాల కరిగే ఉష్ణోగ్రతా ఒకటే, మరిగే ఉష్ణోగ్రతా ఒకటే, నీటిలోనో ఆల్కహాల్‌లోనో కరిగే తీరూ ఒకటే. మరిగించి వేరు చేద్దామన్నా, వడకట్టి వేరు చేద్దామన్నా కుదరదు.

మొదటిసారి వీటిని విడదీసిన మనిషి లూయీ పాశ్చర్, 1848లో, పాతికేళ్ల వయసులో. టార్టారిక్ ఆమ్లం లవణం స్ఫటికాలను భూతద్దం కింద పెట్టి చూస్తే, వాటి మూలల్లోని చిన్న ముఖాలు కొన్నింటిలో ఒక వైపుకు, కొన్నింటిలో రెండో వైపుకు వాలి ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. విడివిడిగా నీటిలో కరిగించి, ఒకే తలంలో కంపించే కాంతిని వాటి గుండా పంపితే, ఒక ద్రావణం ఆ కాంతి తలాన్ని కుడికి తిప్పింది, ఇంకోటి అంతే కోణంలో ఎడమకు తిప్పింది. సమానంగా కలిపితే ఎటూ తిరగలేదు. ఆ లవణం దాదాపు 27 డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలోనే ఇలా రెండు రకాల స్ఫటికాలుగా విడిపోతుంది. ప్యారిస్ చలి ఆయనకు కలిసొచ్చింది. నల్గొండ వేసవిలో గది బయట పెట్టి చేస్తే ఆ కుప్పలు వచ్చేవే కావు.

ఆ టార్టారిక్ ఆమ్లం మీ వంటింట్లోనే ఉంది. చింతపండు పులుపుకు ముఖ్య కారణం అదే. చెట్టు తయారు చేసింది కాబట్టి చింతపండులో ఒకే రూపం ఉంటుంది, కాంతిని కుడికి తిప్పేది. ప్రాణమున్న వాటి ఎంజైములకు కుడి ఎడమ తెలుసు మరి. ఫ్యాక్టరీలో ఆమ్లోడిపిన్‌ను విడదీయడానికి కూడా టార్టారిక్ ఆమ్లాన్నే వాడతారు. దాని రెండు రూపాల్లో ఒక్కదాన్నే తీసుకుని, డీఎంఎస్ఓ అనే ద్రావణిలో ఆమ్లోడిపిన్‌తో కలుపుతారు. అప్పుడు ఎస్-ఆమ్లోడిపిన్‌తో ఏర్పడే లవణం, ఆర్-ఆమ్లోడిపిన్‌తో ఏర్పడే లవణం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు కావు. ఇలాంటి వాటిని డయాస్టీరియోమర్లు అంటారు. వీటి కరిగే గుణం వేరు కాబట్టి ఒకటి అడుగున దిగుతుంది, ఇంకోటి ద్రావణంలోనే ఉంటుంది. వడకట్టి, ఆమ్లాన్ని తొలగిస్తే మనకు కావలసింది చేతికొస్తుంది.

ఇక మీ అమ్మాయితో నేరుగా మాట్లాడతాను.

తల్లీ, నువ్వు పుస్తకం మూసిన చోటే చాలామంది మూస్తారు. కారణం, అక్కడ మూడు వేర్వేరు పద్ధతుల పేర్లు ఒకే వాక్యంలో వచ్చి పడతాయి. వాటిని విడదీసుకుంటే సగం బరువు దిగిపోతుంది. లెవో, డెక్స్‌ట్రో అన్నవి ప్రయోగంతో తెలిసేవి. మీ ల్యాబ్‌లో పోలారిమీటర్ ఉంటుంది, అందులో ద్రావణం పోసి చూస్తే కాంతి తలం ఎడమకు తిరిగితే లెవో, కుడికి తిరిగితే డెక్స్‌ట్రో. బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. ఆర్, ఎస్ అన్నవి దీనికి పూర్తిగా ఉల్టా. కాన్, ఇంగోల్డ్, ప్రెలాగ్ అనే ముగ్గురు పెట్టిన నియమం ప్రకారం బొమ్మ చూసి మాత్రమే చెప్పేవి, పోలారిమీటర్‌తో పని లేదు. పెద్ద అక్షరాల డీ, ఎల్ అన్నవి గ్లిసరాల్డిహైడ్‌తో పోల్చి పెట్టిన పాత పేర్లు, ఇప్పుడు చక్కెరలకు, అమైనో ఆమ్లాలకు మిగిలాయి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. నమ్మకం కుదరకపోతే మందులే చూడు. లెవోఫ్లాక్సాసిన్ ఎస్. లెవోసెట్రిజిన్ ఆర్. డెక్స్‌ఐబుప్రొఫెన్ ఎస్. లెవో అంటే ఎస్ అని బట్టీ పట్టినవాళ్లు పరీక్షలో తప్పు రాసేది ఇక్కడే.

ఆర్, ఎస్ తేల్చడం ఐబుప్రొఫెన్‌తో ఒకసారి చేసి చూద్దాం. కైరల్ కార్బన్‌కు నాలుగున్నాయి: హైడ్రోజన్, మిథైల్ గుంపు, కార్బాక్సిలిక్ ఆమ్లం గుంపు, బెంజీన్ వలయం. తగులుకున్న మొదటి పరమాణువు చూడాలి, పరమాణు సంఖ్య ఎక్కువున్నదానిదే పెద్దపీట. హైడ్రోజన్ ఆఖరిది, అందులో తగాదా లేదు. మిగతా మూడూ కార్బన్‌లే, కాబట్టి ఒక్క అడుగు ముందుకెళ్లి ఆ కార్బన్‌లకు ఏమున్నాయో చూడాలి. ఆమ్లం కార్బన్‌కు ఆక్సిజన్, ఆక్సిజన్, ఆక్సిజన్. రెండు బంధాలున్న ఆక్సిజన్‌ను రెండుసార్లు లెక్కపెట్టాలి కాబట్టి మూడు. వలయం కార్బన్‌కు కార్బన్, కార్బన్, కార్బన్. మిథైల్‌కు మూడూ హైడ్రోజన్‌లే. కాబట్టి ఆమ్లం మొదటిది, వలయం రెండోది, మిథైల్ మూడోది. ఇక్కడే చాలామంది వలయం పెద్దగా ఉంది కదా అని దానికి మొదటి స్థానం ఇచ్చేస్తారు. గుంపు సైజుతో పని లేదు, ఎక్కడ మొదటి తేడా వచ్చిందో అక్కడే తీర్పు. ఇప్పుడు హైడ్రోజన్ నీకు అవతలి వైపు ఉండేలా అణువును పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని చూపు తిప్పు. గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగితే ఆర్, ఎదురు తిరిగితే ఎస్. నొప్పి తగ్గించేది ఎస్. బొమ్మలో హైడ్రోజన్ నీ వైపు ఉంటే అణువును తిప్పి గీయక్కర్లేదు, వచ్చిన జవాబును తిరగేస్తే చాలు. ఫిషర్ బొమ్మలో అడ్డగీత మీద ఉన్నవన్నీ నీ వైపు ఉన్నట్టే, అక్కడ హైడ్రోజన్ కనిపిస్తే జవాబు తిరగెయ్యి.

ఐబుప్రొఫెన్‌లో ఇంకో విచిత్రం ఉంది. మామూలు మాత్రలో రెండు రూపాలూ ఉంటాయి, కానీ లోపలికి వెళ్లిన ఆర్‌లో చాలా భాగాన్ని మన శరీరమే ఎస్‌గా మార్చేస్తుంది. ఎస్ మాత్రం ఆర్‌గా మారదు. అంటే ‘పని చేయని సగం’ అని అన్ని మందుల్లోనూ ఒకే గాటన కట్టేయడానికి లేదు. 

మీ నాన్న చీటీలోని మందును కూడా ఒకసారి బొమ్మ గీసుకో. ఆమ్లోడిపిన్‌లో డైహైడ్రోపిరిడిన్ వలయం నాలుగో కార్బన్ చూడు. దానికి ఒక హైడ్రోజన్, ఒక క్లోరోఫినైల్, మిగతా రెండూ వలయం రెండు వైపులే. ‘రెండు వైపులూ ఒకటే కదా, ఇది కైరల్ ఎలా అవుతుంది?’ అనిపిస్తుంది. వలయం చుట్టూ నడుచుకుంటూ వెళ్లు. ఒక వైపు ఇథైల్ ఎస్టర్, దాని పక్కన అమైన్ ఉన్న పొడవాటి గొలుసు. రెండో వైపు మిథైల్ ఎస్టర్, పక్కన ఉత్త మిథైల్. అందుకే కైరల్. ఇప్పుడు దాని అన్నలాంటి నిఫెడిపిన్ గీసి చూడు. అటూ ఇటూ మిథైల్ ఎస్టర్లే, అటూ ఇటూ మిథైల్‌లే. రెండు వైపులూ అచ్చంగా ఒకటే, కాబట్టి కైరల్ కాదు. ఎస్-నిఫెడిపిన్ అనే మందు ఎందుకు లేదో ఈ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది.

కైరల్ కేంద్రాలు ఎన్ని ఉంటే, రెండును అన్నిసార్లు హెచ్చిస్తే అన్ని ఐసోమర్లు అని నేర్పుతారు. అది గరిష్ఠం మాత్రమే. టీబీకి వాడే ఇథాంబ్యుటాల్‌లో రెండు కేంద్రాలున్నా రూపాలు మూడే, ఎందుకంటే అణువు రెండు సగాలూ ఒకేలా ఉండటంతో ఆర్,ఎస్ అన్నా ఎస్,ఆర్ అన్నా ఒకటే అవుతుంది. దాన్ని మీసో రూపం అంటారు. మందుగా వాడేది ఎస్,ఎస్. చూపు దెబ్బతినేది ఆర్,ఆర్ రూపం వల్లే, ఎస్,ఎస్ వాడితే భయం లేదు అని కొన్ని నోట్సుల్లో రాసి ఉంటుంది. దాన్ని నమ్మకు. ఈ రోజు రోగులకు ఇస్తున్న ఎస్,ఎస్ రూపం కూడా కంటి నరాన్ని దెబ్బతీయగలదు. అందుకే ఆ మందు వాడేవాళ్లకు చూపు మసకబారుతోందా, ఎరుపు ఆకుపచ్చ రంగులు సరిగా తెలుస్తున్నాయా అని అడుగుతూ ఉండాలి. రేపు నువ్వు ఫార్మసిస్టువై కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ నోట్సు మాట నమ్మి ఒక్క టీబీ రోగికి ధైర్యం చెప్పినా నష్టం జరిగిపోతుంది.

అదే కారణంతో థాలిడోమైడ్ సంగతి కూడా కాస్త వివరంగా చెప్పాలి. 1957 అక్టోబర్‌లో పశ్చిమ జర్మనీలో గ్రూనెన్‌థాల్ కంపెనీ దాన్ని నిద్రమాత్రగా అమ్మకానికి పెట్టింది. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. చేతులు, కాళ్లు సరిగా పెరగని పిల్లలు పుట్టడం మొదలైంది. హాంబర్గ్‌లో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు దీనికి ఈ మందే కారణమని అనుమానించారు. 1961 నవంబర్‌లో జర్మనీలో మందును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ప్రపంచమంతటా పదివేల మందికి పైగా పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో మాత్రం మందులకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే ఫ్రాన్సెస్ కెల్సీ అనే డాక్టరమ్మ, భద్రతకు రుజువులు సరిపోవని, ఇంకా సమాచారం కావాలని పట్టుబట్టి అనుమతి ఇవ్వలేదు. అక్కడ అమ్మాలనుకున్న కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా కదల్లేదు. ఎన్ని ఇళ్లను ఆమె కాపాడిందో తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ తర్వాత జంతువుల మీద జరిగిన పరీక్షల్లో హాని చేసేది ఎస్ రూపమని కనిపించింది. దాని నుంచే ‘ఆర్ ఒక్కటే ఇచ్చి ఉంటే’ అన్న మాట పుట్టి, పుస్తకాల్లో, క్లాసుల్లో స్థిరపడిపోయింది. అది నిలబడని మాట. థాలిడోమైడ్ కైరల్ కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడి మళ్లీ అతుక్కుంటుంది. అతుక్కునేటప్పుడు ఏ వైపు నుంచైనా అతుక్కోవచ్చు. దాంతో శుద్ధమైన ఆర్ ఇచ్చినా కొన్ని గంటల్లోనే శరీరంలో ఎస్ తయారవుతుంది. ఆర్ ఒక్కటే ఇచ్చినా ఆ పిల్లలు దెబ్బతినేవారే. మందును విడదీయకపోవడం ఆ ఘోరానికి కారణం కాదు, గర్భంలో బిడ్డ మీద ఏం చేస్తుందో సరిగా పరీక్షించకుండా అమ్మడమే కారణం. ఈ మందు ఇప్పటికీ వాడుకలో ఉంది, కుష్ఠువ్యాధిలో వచ్చే ఒక తీవ్రమైన రియాక్షన్‌కు, మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు. గర్భం రాకుండా కఠినమైన జాగ్రత్తలు పెట్టే ఇస్తారు. అమ్మా, మీవారి మందుకు ఈ కథతో ఏ చుట్టరికమూ లేదు. ఆమ్లోడిపిన్ కార్బన్ అలా రూపం మార్చుకోదు, దాని ఆర్ సగం అలాంటి హాని చేసేదీ కాదు.

జంటలో రెండోది నిజంగానే వేరే దారి పట్టే మందులు ఉన్నాయి. పొడి దగ్గు సిరప్‌లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అందరికీ తెలిసిందే. దాని ప్రతిబింబమైన లెవోమెథార్ఫాన్ మార్ఫిన్ తరహా మత్తుమందు, అంతర్జాతీయ చట్టం కింద నియంత్రణలో ఉన్నది. పార్కిన్సన్ జబ్బుకు మొదట్లో డోపా అనే మందును రెండు రూపాల మిశ్రమంగా ఇచ్చారు. తెల్ల రక్తకణాలు తగ్గిపోతున్నాయని గమనించి ఎల్ రూపం ఒక్కటే ఇవ్వడం మొదలుపెట్టారు, అదే లెవోడోపా. దాన్ని ఫ్లాస్కులోనే ఒకే రూపంలో పుట్టించే పద్ధతి కనిపెట్టినందుకు విలియం నోల్స్‌కు 2001లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మన జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ దగ్గరి పరవాడలోని మందుల ఫ్యాక్టరీల్లో కూడా ఇలాంటి ఒకే రూపం మందులు తయారవుతాయి. అక్కడి ల్యాబుల్లో రెండు రూపాలనూ వేరు చేసే కైరల్ కాలమ్‌లు అనే గొట్టాలు పెట్టి, అక్కర్లేని రూపం ఎంత శాతం మిగిలిందో కొలుస్తారు. ఆ కాలమ్‌లలో చాలావాటిని నింపేది సెల్యులోజ్, పిండి పదార్థాల నుంచి తయారైన పొడితోనే. అమ్మాయీ, నీ ఉద్యోగం ఆ దారిలో ఉంటే ఈ చాప్టర్ రోజూ పనికొస్తుంది, పరీక్ష కోసమని చదివి వదిలేయకు.

ఇక మళ్లీ మీతో, అమ్మా. ‘లెవో’, ‘ఎస్’, ‘డెక్స్’ తగిలించిన ప్రతి మందూ పాతదానికన్నా గొప్పదని అనుకోకండి, అన్నింటికీ సగం లెక్క వర్తిస్తుందనీ అనుకోకండి. సెట్రిజిన్ 10కి లెవోసెట్రిజిన్ 5, ఇది సగం లెక్కే. గ్యాస్‌కు వేసుకునే ఒమెప్రజోల్ 20కి బదులు రాసే ఎసోమెప్రజోల్ మాత్రం 20 గానో 40 గానో ఉంటుంది. అక్కడ కైరల్ కేంద్రం కార్బన్ కాదు, గంధకం. సగం లెక్క కుదరనిది ఎందుకంటే, కడుపులో ఆమ్లం ఊరే కణంలోని ఆమ్లంలోకి వెళ్లాక రెండు రూపాలూ ఒకే పదార్థంగా మారిపోయి పని చేస్తాయి. తేడా అంతా కాలేయం వాటిని ఎంత వేగంగా అరగదీస్తుందన్న దాంట్లోనే. నా ఉద్దేశంలో అలాంటి మందులో పాతది సరిగ్గా పని చేస్తున్నప్పుడు ఎక్కువ ధర పెట్టి కొత్తదానికి మారాల్సిన పని సాధారణంగా ఉండదు. 1992 నుంచి అమెరికా ఎఫ్‌డీఏ కూడా కైరల్ మందు తెచ్చే కంపెనీ ఒక్కో రూపం శరీరంలో ఏం చేస్తుందో విడివిడిగా చూపించాలనే పద్ధతి పెట్టింది. పేరు చూసి కాకుండా ఆ మందుకున్న రుజువులు చూసి నిర్ణయించాలి.

మీవారి విషయంలో మార్చడానికి కారణం ఉంది, పాదాల వాపు. ఎస్-ఆమ్లోడిపిన్‌కు మారాక కొందరికి వాపు తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందన్న హామీ లేదు, ఎందుకంటే నాళాలను వదులు చేసేది ఆ ఎస్ రూపమే, వాపు వచ్చేదీ ఆ వదులు కావడం వల్లే. కాబట్టి రెండు మూడు వారాలు చూడండి. ఆమ్లోడిపిన్ శరీరంలో నెమ్మదిగా పేరుకుని, నెమ్మదిగా పోయే మందు, పూర్తి ప్రభావం తెలియడానికి వారం పైనే పడుతుంది. మొదటి రెండు రోజుల రీడింగ్ చూసి ‘ఇది పనిచేయట్లేదు’ అనుకోవద్దు. వారానికి రెండు మూడు సార్లు ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి కాగితం మీద రాసి ఉంచండి. ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, వాపు తగ్గకపోతే డోసు తగ్గించడమా, ఇంకో రకం మందు చేర్చడమా అని అడగండి. ఆ వాపుకు నీరు పోయే మాత్రలు సొంతంగా కొని వేయకండి, ఈ రకం వాపు వాటితో పెద్దగా తగ్గదు. వాపు ఒక కాలికే వచ్చినా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, ముఖం కూడా ఉబ్బుతున్నా అది బీపీ మాత్ర వల్లేనని సరిపెట్టుకోవద్దు. గుండె, కిడ్నీ, కాలి రక్తనాళాలు చూడాల్సి ఉంటుంది, ఆ రోజే తీసుకెళ్లండి.